పంచాయతీ రోడ్డు మీద రైలు ఫోటో

ఆదివారం వస్తే మా ఇద్దరికీ ఇంట్లో కాలు నిలవదు. నాది పెంటపాడు పక్కన వరి సాగు. నా స్నేహితుడు కొల్లేరులో చేపల చెరువు మీద పనిచేస్తాడు. ఇద్దరికీ ఒకటే పిచ్చి, రైళ్లకు ఫోటోలు తీయడం. తాడేపల్లిగూడెం దాటాక పట్టాలకు ఇవతల ఒక పంచాయతీ రోడ్డుంది. అక్కడ నిలబడితే చేల మీదుగా వచ్చే రైలు మొత్తం కనపడుతుంది.

"రేపు కూడా అదే రైలు వస్తుంది కదండీ, అంత పరుగెందుకండీ?" అని మా ఆవిడ వెక్కిరిస్తుంది. రైలు అదే, వెలుతురు వేరు. ఆమెకెలా చెప్పను?

ఆ రోజు పాత ఇంజనొకటి గూడ్సు లాక్కుంటూ వెళ్లింది. ఫోటో తీసుకుని మురిసిపోతుంటే వెనక మోటారుసైకిలు ఆగింది. పోలీసాయన. రైళ్లకు ఫోటోలెందుకన్నాడు. నాకు ఒళ్లు మండింది.

"రోడ్డు మీదే ఉన్నామండీ. ఏ రూలు ఒప్పుకోదో చెప్పండి."

నా మాట పూర్తి కాకముందే మా వాడు చేతులు జోడించాడు. "తప్పయిపోయిందండీ బాబూ, మన్నించండి."

మా వైపు అది మర్యాద. బస్సులో ఎవరైనా తన కాలు తొక్కినా ముందు తనే ఆ మాటంటాడు.

"తప్పని ఆయనే ఒప్పుకుంటుంటే మధ్యలో మీకేంటి?" అన్నాడు పోలీసాయన. ఇక నేనేం వాదించినా గాలికి పోయింది. పోలీసు స్టేషన్‌కు తీసుకెళ్లి బల్ల మీద కూర్చోబెట్టారు. ప్లాట్‌ఫాం మీద పెళ్లివారు సెల్ఫీలు దిగితే ఎవరూ అడగరే, మమ్మల్నే ఎందుకని అరిచాను. చివరికి బతిమాలాను కూడా. మా వాడి కెమెరా లాక్కుని, ఫోటోలన్నీ డిలీట్ చేస్తేనే ఇస్తామన్నారు.

మా వాడికి కంప్యూటరు లేదు. ఇన్నేళ్లలో తీసినవన్నీ ఆ కార్డులోనే ఉన్నాయి. వాటిలో కొన్ని ఇంజన్లు ఇప్పుడు పట్టాల మీదే లేవు.

"చెయ్యకు. ఏలూరులో లాయరుని అడుగుదాం" అన్నాను.

"మీకు పొలం ఉందండీ. నన్ను స్టేషన్లో కూర్చోబెట్టారని తెలిస్తే చెరువు ఆసామి రేపు పనిలోకి రానిస్తాడాండీ?"

మా వాడు తల వంచుకుని, తన చేత్తోనే, ఒక్కొక్క రైలునీ డిలీట్ చేసుకున్నాడు. నేను పక్కనే కూర్చుని చూశాను. అంత చేతకానితనం నా జన్మలో ఎరగను.

లాయరు దగ్గరకు వెళ్లాను. రోడ్డు మీంచి ఫోటో తీయడం నేరం కాదన్నాడు. మీ వాడే తప్పని ఒప్పుకున్నాడు కదా, ఫోటోలు కూడా లేవు, ఏం పట్టుకుని పోట్లాడతారన్నాడు. అయినా అర్జీలు పెడుతూనే ఉన్నాను. జవాబు లేదు.

మొన్న ఆదివారం మా వాడిని బలవంతంగా ఆ రోడ్డుకే తీసుకెళ్లాను. కెమెరా ఇంట్లో వదిలేసి వచ్చాడు. రైలు వస్తోంది. నా ఫోను చేతిలో పెట్టి, తియ్యరా అన్నాను. ఎత్తాడు. అంతలో వెనక మోటారుసైకిలు చప్పుడైంది. ఫోను నా మీదకు తోసేసి, అటు తిరిగి చేతులు జోడించేశాడు.

ఆ మోటారుసైకిలు మీద పాలు పోయడానికి వెళ్తున్న మనిషెవరో మమ్మల్ని వింతగా చూసుకుంటూ వెళ్లిపోయాడు. రైలు కూడా వెళ్లిపోయింది. మా వాడి చేతులు ఇంకా అలాగే ఉన్నాయి.