కుప్పం అక్కకు పోటీగా ఒక బేస్ గిటారు

ఆ రోజుల్లో మా చుట్టాల్లో ఎవరింటికైనా కొత్త వస్తువు వచ్చిందంటే మిగతా ఇళ్లలో రెండు పూటలు అన్నం సరిగా దిగేది కాదు. ఫ్రిజ్ అయినా అంతే, సోఫా అయినా అంతే. అందరూ నవ్వుతూ వెళ్లి, "బాగుండాది, బాగుండాది" అని చేత్తో తడిమి చూసి, తిరిగొచ్చేటప్పుడు బస్సు కిటికీ వైపు ముఖం తిప్పుకుని కూర్చునేవాళ్లు. ఫోన్లు అందరి చేతుల్లోకీ వచ్చాక ఆ బస్సు ప్రయాణం కూడా తప్పింది. ఇంట్లో మంచం మీద పడుకునే కుళ్లుకునే సదుపాయం వచ్చింది. ఆ సదుపాయాన్ని మా కుటుంబంలో నా అంత బాగా వాడుకున్నవాళ్లు ఇంకొకరు లేరు.

నేనప్పుడు మదనపల్లెలో ఎలక్ట్రికల్ డిప్లొమా చదువుతూ, రోజూ పుంగనూరు నుంచి బస్సులో వెళ్లొస్తుండేదాన్ని. పుంగనూరులో మా నాయినకు కాలిపోయిన బోరు మోటర్లకు మళ్లీ రాగి తీగ చుట్టిచ్చే షాపు ఉండేది. ఇక కుప్పంలో మా పెద్దనాయిన కూతురు ఉండేది. నాకన్నా ఏడాది పెద్ద, ఇంజనీరింగు చదివేది. ఆమెకు మార్కులు వస్తాయి, పాట వస్తుంది, ముగ్గు కూడా వస్తుంది. (నా ముగ్గు చూసి మా అవ్వ ఒకసారి "దీన్ని ఎవురు తొక్కినారు?" అని అడిగింది.) నేనేం చేసినా చివరికి ఎవరో ఒకరు "కుప్పం పాప అయితే..." అని మొదలుపెట్టేవాళ్లు. ఆ వాక్యం పూర్తయ్యేదాకా నేను ఎప్పుడూ అక్కడ ఉండలేదు.

ఒక ఆదివారం పొద్దున ఫ్యామిలీ గ్రూపులో ఫోటో పడింది. అక్క భుజానికి నల్లగా నిగనిగలాడుతున్న బేస్ గిటారు. మామూలు గిటారు కన్నా పొడుగు, తీగలు నాలుగే, అవి కూడా లావుగా ఉంటాయి. పాట అడుగున గుండెకు తగిలేటట్టు దుమ్ముదుమ్మని వినిపించేది ఇదే. బెంగళూరులో ఉద్యోగం చేసే పెద్దనాయిన అక్క పుట్టినరోజుకు కొనిచ్చాడట. ఫోటో కింద అత్తలు, పిన్నమ్మలు అందరూ పూలు, దండాలు పెట్టేశారు. అంతవరకు ఓర్చుకున్నాను. కానీ మా నాయిన, ఎవరి పెళ్లి ఫోటోకూ వేలు కదపని మనిషి, టీ గ్లాసు పక్కన పెట్టి మరీ బొటనవేలి గుర్తు పెట్టి, "బలే ఉండాది గదా పాపా?" అని నన్నే అడిగాడు. ఆ రోజు దోసెలు నాకు చేదుగా తగిలాయి.

తర్వాతి వారం కుప్పం వెళ్లి చూశాను. (చూడకుండా ఉండడం నా వల్ల కాలేదు.) అక్క వాయిస్తుంటే పక్కన కూర్చుని, ఊరికే ఒక తీగ మీద వేలు పెట్టాను. "మెల్లిగా మే, చేతి సెమట తగిల్తే తీగలు తుప్పు పడతాయంట," అంది అక్క. ఆమె మామూలుగానే అంది. నాకు మాత్రం నా చెమటను ఊరందరి ముందు నిలబెట్టి తిట్టినట్టు వినిపించింది. పలమనేరులో బస్సు మారేసరికి నేను ఒక నిర్ణయానికి వచ్చేశాను.

"నాయినా, నేను బేస్ గిటారు చేస్తా," అన్నాను ఇంటికి రాగానే.

"చేసేదెందుకు? కావాలంటే నేనే కొనిస్తా గదా," అన్నాడు నాయిన.

అక్కడే ఆయనకు నా మనసు అర్థం కాలేదు. కొంటే ఇద్దరం సమానం అవుతాం. సమానం నాకు చాలదు. ఆమెది అంగట్లో దొరికేది, నాది ఎక్కడా దొరకనిది కావాలి. ఈ సంగతి నాయినకు చెప్పకుండా, "చదువుకు పనికొస్తాది," అన్నాను.

గిటారుకు ముఖ్యం కొలతలు. మెడ మీద అడ్డంగా ఉండే కమ్మీలు ఒక్క వెంట్రుక అటూ ఇటూ అయినా స్వరం తప్పుతుందని వీడియోల్లో చెప్పారు. కొలతల కోసం మళ్లీ కుప్పమే వెళ్లాల్సొచ్చింది. అక్క తలకు పోసుకోవడానికి వెళ్లగానే (ఆమె తలకు పోసుకుంటే ఒక సినిమా అయిపోతుంది) దినపత్రిక తీసి గిటారు మీద పరిచి, పెన్సిలుతో కమ్మీలన్నీ గీసుకుంటున్నాను. ఇంతలో పెద్దమ్మ వచ్చింది.

"ఏం చేస్తాండావు మే?"

"పేపరు సదవతాండా పెద్దమ్మా."

"గిటారు మింద పరిచి సదవాల్నా?"

"ఎత్తుగా ఉంటే కండ్లకు మంచిదంట."

పెద్దమ్మ నన్ను ఎగాదిగా చూసి కాఫీ పెట్టడానికి వెళ్లింది. మా వైపు పిల్లలకు చదువు ఎక్కువైతే ఇలాగే ఉంటారని ఆమె అప్పటికే ఒక అభిప్రాయానికి వచ్చేసి ఉంది.

మదనపల్లెలో మా అమ్మకు తమ్ముడి వరస ఒకాయన వడ్రంగి. తలుపులు, వాకిళ్లు చేసేవాడు కాబట్టి మా ఇంట్లో ఆయన పేరు తలుపుల మామ. పేపరు తీసుకెళ్లి ఆయన ముందు పరిస్తే అటు తిప్పి ఇటు తిప్పి, "ఇదేంది మ్మా, పప్పు గరిట మాదిరి ఉండాది?" అన్నాడు. గరిటె కాదు గిటారని చెప్పి, ఒంటికి వేప చెక్క, మెడకు పాత టేకు దారబందంలో ముక్క తీయించాను. కాలేజీ అయ్యాక రోజూ ఆయన షాపుకు పోయి ఉప్పుకాగితంతో రుద్దేదాన్ని. పరీక్షలు వచ్చి నేను కొన్నాళ్లు వెళ్లలేదు. తిరిగి వెళ్లేసరికి గిటారు ఒంటి మీద రేకులు విప్పుకుని ఒక పెద్ద తామరపువ్వు కూర్చుని ఉంది. పక్కన రెండు ఆకులు కూడా.

"ఇది ఏల చెక్కినావు మామా?"

"బోసిగా ఉండాది మ్మా. తలుపుకైనా రెండు పూలుంటాయి గదా."

నాకు ఏడుపొక్కటే తక్కువ. అక్కది చీకట్లో నిలబెట్టిన కొత్త కారులా ఉంటుంది. నాది పూజగది తలుపులా ఉంది. ఇంటికి తెచ్చి గోడకు ఆనించగానే మా అవ్వ చెంపలేసుకుంది. కాలేజీకి పోయి వచ్చేసరికి దానికి పసుపు రాసి కుంకుమ బొట్టు కూడా పెట్టేసింది. ఆ పసుపు వార్నిషు కింద ఇప్పటికీ కొంచెం కనిపిస్తుంది.

కమ్మీలకు సైకిలు చువ్వలు కత్తిరించి వేశాను. తీగలు బిగించే చెవులు, తీగలు నాయినే తెచ్చాడు. బెంగళూరుకు బేరింగుల కోసం వెళ్లినప్పుడు వాటిని కూడా అదే సంచిలో వేసుకొచ్చాడు. మొదటిసారి తీగలు బిగిస్తే మెడ విల్లులా వంగిపోయింది. దాన్ని వెనక నుంచి తొలిచి, ఇనుప పట్టీ ఒకటి దించి, మళ్లీ మూసి అతికించాం. ఇక మిగిలింది పికప్. తీగల కింద ఉండి వాటి కదలికను కరెంటుగా మార్చే కాయిల్ అది. అయస్కాంతం మీద బోల్టులు నిలబెట్టి, వాటి చుట్టూ వెంట్రుక కన్నా సన్నని రాగి తీగ వేల చుట్లు చుట్టాలి. నేను చుట్టిందల్లా తెగిపోయింది. ఒక ఆదివారం నాయిన కళ్లద్దాలు తుడుచుకుని పక్కన కూర్చున్నాడు. ఆయన వేళ్లు బోరు మోటరు తీగకు అలవాటైనవి, లావుగా మొద్దుగా ఉంటాయి. ఆయన చుట్టిందీ తెగింది. "ఇది తీగా, సాలెపురుగు దారమా?" అని విసుక్కుంటూనే మళ్లీ మొదలుపెట్టాడు. కొన్ని ఆదివారాలు అలాగే గడిచాయి. నేను కాయిల్ చుట్టే చక్రం తిప్పుతుంటే ఆయన తీగను రెండు వేళ్ల మధ్య వదులుతూ, ఊపిరి కూడా మెల్లిగా తీసేవాడు. తెగినప్పుడు ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకునేవాళ్లం. మాటలు పెద్దగా ఉండేవి కావు. నా మాటలన్నీ ఆ దినాల్లో లోపల కుప్పం అక్కతోనే.

చివరికి గిటారును ఇంట్లో ఉన్న సౌండు బాక్సుకు తగిలించి స్విచ్ వేశాను. బుర్రుమని ఒకటే మోత. లోపలి నుంచి అవ్వ, "మోటరు ఆపండి, తొట్టి నిండిండాది," అని కేకేసింది. ఆలోచించి చూస్తే తీగలకు ఎర్తు ఇవ్వలేదు. చిన్న వైరు అతికించాక మోత ఆగింది. అప్పుడు లావు తీగను ఒక్కసారి లాగి వదిలాను. దుమ్మని వచ్చిన శబ్దానికి వంటింటి అల్మారాలో స్టీలు గిన్నెలు గలగలమన్నాయి. నాయిన వంగి, అదే తీగను తానూ ఒకసారి లాగి, గిన్నెలు మోగడం విని, చొక్కా వేసుకుని షాపుకు వెళ్లిపోయాడు.

ఆ నెలలోనే కుప్పంలో మా అత్త కొడుకు రిసెప్షన్. అక్క కాలేజీ గుంపుదే పాటల కచేరీ. చుట్టాలంతా ఒకే చోట ఉంటారు. ఇంతకు మించిన సందర్భం నాకు ఎక్కడ దొరుకుతుంది? గిటారును దుప్పట్లో చుట్టి, మనిషిని మోసినట్టు మోసుకుని, నాయినా అమ్మా నేనూ బస్సెక్కాం. కండక్టరు దుప్పటి వైపు చూసి, "ఏందమ్మా అది, తుపాకీనా?" అన్నాడు. వి.కోట దాకా ఒకామె దాన్ని తంబురా అనుకుని, ఏ భజనకు పోతున్నారని అడుగుతూనే ఉంది. నేను కిటికీలోంచి చూస్తూ, అక్క ముఖం ఎలా మాడిపోతుందో రకరకాలుగా ఊహించుకుంటూ వెళ్లాను.

దుప్పటి విప్పగానే అనుకున్నట్టే అందరూ మూగారు. తామరపువ్వును తడిమారు. "నువ్వే చేసినావా మే?" అన్నారు. కచేరీ గుంపులో డ్రమ్ములు వాయించే అన్న చాలా మర్యాదగా, "బలే ఉండాది చెల్లీ. రా, ఒక పాట ఎత్తుకుందాం. ఏ స్కేలు?" అన్నాడు.

"స్కేలు ఇంట్లో పెట్టేసి వచ్చినాను అన్నా," అన్నాను.

ఆయన నవ్వకుండా, "పాట శ్రుతి అడిగినా చెల్లీ," అన్నాడు. అప్పుడు నాకు అర్థమైంది. మెడ ఎంత పొడుగుండాలో తెలుసు, కాయిల్ ఎలా చుట్టాలో తెలుసు, ఎర్తు ఎక్కడివ్వాలో తెలుసు. దాన్ని వాయించాలని, దానికి నేర్చుకోవాల్సింది ఒకటుంటుందని ఇన్నాళ్లలో ఒక్క పూట కూడా నాకు తట్టలేదు. అక్కను కుళ్లించడమే ఆ గిటారు పని అనుకున్నాను. స్టేజీ మీద నిలబడ్డాను. ఎదురుగా కుర్చీల్లో మా వంశమంతా ఉంది. మొదటి వరసలో నాయిన, ఇస్త్రీ చొక్కాలో.

అక్క నా వెనక్కి వచ్చి నిలబడింది. "భయపడొద్దు మే. నేను చెప్తా, నువ్వు నొక్కు," అంది చెవిలో. పాట మొదలైంది. "మూడో గడి... అక్కడే ఉండు... ఇప్పుడు ఐదు..." అంటూ, తీగ లాగాల్సిన ప్రతిసారీ నా భుజం మీద వేలితో తట్టింది. నేను ఆ వేలిని నమ్ముకుని పాట దాటేశాను. చప్పట్లు కొట్టారు. దిగగానే మా పెద్దత్త నా బుగ్గ పట్టుకుని, "కుప్పం పాప నీకు బాగా నేర్పిచ్చిండాదే," అంది. చూశారా, నా గిటారు, నా చేతులు, పేరు మాత్రం మళ్లీ ఆమెకే.

అంతటితో అయిపోలేదు. అక్క తన నల్ల గిటారును గోడకు ఆనించేసి, "ఇది ఒకతూరి ఇయ్యి మే," అని నాది తీసుకుంది. ఆ సాయంత్రమంతా దాని మీదే వాయించింది. నా దగ్గర దుమ్మనడం తప్ప ఏమీ రాని గిటారు ఆమె చేతిలో నడిచింది, పరిగెత్తింది, ఆగి ఎదురుచూసింది. అప్పటిదాకా నాకు అక్క మీద అసూయ. ఆ సాయంత్రం నుంచి గిటారు మీద కూడా.

భోజనాల దగ్గర అక్క నా పక్కన కూర్చుంది. పాయసం ఆకు మీద నుంచి జారకుండా వేలితో అడ్డం పెట్టుకుంటూ, "మా నాయిన నాది బస్సులో వేసి పంపినాడు మే. డ్రైవరుకు ఇచ్చినాడు. నేనే బస్టాండుకు పొయ్యి తెచ్చుకున్యా," అంది. వేలికంటిన పాయసం నాకింది. "మీ నాయిన పక్కన కూసోని తీగ చుట్టినాడంట గదా. ఇందాక అందురికీ చెప్పుకుంటాండాడు. నాకు కడుపు మండిపోయింది పో."

ఆ మాటకు నాకు జాలి కలగాలి. కలగలేదు. కుప్పం అక్క నన్ను చూసి కుళ్లుకుంది అన్న సంతోషంలో పాయసం మళ్లీ అడిగి వేయించుకున్నాను. తిరుగు బస్సులో, నాయిన కునుకుతూ నా భుజం మీద తల వాల్చినప్పుడు గానీ ఆమె ఏమన్నదో నాకు సరిగ్గా వినిపించలేదు. పెద్దనాయిన ఆ రిసెప్షనుకు కూడా రాలేదని అప్పుడు గుర్తొచ్చింది.

గిటారు మాత్రం మాతో తిరిగి రాలేదు. అక్క దగ్గరే వదిలేశాను. త్యాగం అనుకునేరు. వాయించడం రానివాళ్ల ఇంట్లో గిటారు ఉంటే వచ్చిన చుట్టమల్లా వాయించమంటాడు, అదీ అసలు కారణం.

ఇప్పుడు నేను మదనపల్లెలో కాపురం, కరెంటాఫీసులో ఉద్యోగం. అక్క కుప్పంలోనే ఉంది. మొన్న ఏదో వైరు ఊడిందని గిటారు తీసుకుని వచ్చింది. అతికించి ఇచ్చాను. సరిగ్గా ఉందో లేదో చూడడానికి వసారాలో కూర్చుని వాయించడం మొదలుపెట్టింది. వంటింట్లో మా ఆయన కొత్తిమీర తుంచుతూ చెవి అటే పెట్టి, "మీ అక్క చేతిలో ఏందో ఉండాది," అన్నాడు.

"చేతిలో ఏముంటాది. గిటారు మంచిది," అన్నాను.

అన్నాక నాకే నవ్వొచ్చింది. ఇంత వయసొచ్చింది, తలలో తెల్ల వెంట్రుకలు కూడా వచ్చాయి, పేపరు పరిచి దొంగచాటుగా కొలతలు గీసుకున్న ఆ పిల్ల మాత్రం ఇంకా ఎక్కడికీ పోలేదు. మాట వసారా దాకా వినిపించినట్టుంది. అక్క వాయించడం ఆపలేదు గానీ, "అవును మే, గిటారు మంచిదే," అంది.