తప్పులతడక ఒకటి వెతికి తెచ్చాను

మా ఇంట్లో యుద్ధాల పుస్తకాలు మా ఆయనవి, నావి కావు. ఇన్నేళ్లుగా మేముండే ఊరు కాపెల్‌లో ఎవరింటికి భోజనానికి వెళ్లినా, చెయ్యి కడుక్కోకముందే ఈ మధ్య చదివిన గూఢచారి నవల కథంతా చెప్పి, ద్రోహి ఎవరో కూడా చెప్పేసి, "తప్పకుండా చదవండి" అనేవారు. ఇంకా చదవడానికేముందని నేను నెత్తి కొట్టుకునేదాన్ని. రచయిత సైనికుడి టోపీ రంగు తప్పు రాసినా ఈయన కోపం వారం దాకా చల్లారేది కాదు. వినాల్సింది నేనే.

వేసవిలో ఆయన ఉద్యోగం పోయింది. ఆ తర్వాత మాటా పోయింది. బెల్లం కొట్టిన రాయిలా సోఫాలో కూర్చుంటారు. డాక్టరమ్మ డిప్రెషన్ అని మందులిచ్చి ఓపిక పట్టమంది. నాకెక్కడిది ఓపిక? ఈ మనిషి ఇక నాకు దక్కడేమోనని భయం.

అందుకే లైబ్రరీ నుంచి పుస్తకాలు తేవడం మొదలుపెట్టాను. ముందు మంచివే తెచ్చాను. మంచులో చిక్కుకున్న సైన్యం తన గుర్రాలనే కోసుకు తిన్న చరిత్ర ఒకటి. చదువుతుంటే నాకు అన్నం సహించలేదు. ఎవరడిగినా చదవమనే చెబుతాను. ఆయన చదివి బల్ల మీద పెట్టారు, అంతే.

అప్పుడు తప్పులతడక గూఢచారి నవల ఒకటి వెతికి తెచ్చాను. యుద్ధం ముగిసిన ఎన్నో ఏళ్లకు తయారైన ట్యాంకు అందులో యుద్ధం మధ్యలోనే తిరుగుతుంది. గూఢచారి రహస్యాలన్నీ హోటల్ ఫోన్‌లో గట్టిగా చెబుతాడు. నాకే ఒళ్లు మండింది. ఇది ఆయన చేతిలో పడితే ఇల్లు ఎగిరిపోవాలి.

"ఏవండీ, ఇది సూపర్‌గా ఉంది. చదివి చెప్పండి," అన్నాను.

చదివినన్నాళ్లూ వంటింట్లోంచి ఒక చెవి అటే వేసి ఉంచాను. ట్యాంకు పేజీ దాటిపోయింది. ఫోను పేజీ కూడా. ఆఖరికి పుస్తకం మూశారు.

"ఎలా ఉందండీ?"

"బావుంది."

"బావుందా? ఆ ట్యాంక్ అప్పటికి లేనే లేదు కదండీ!"

"అవునా?"

ఇక నేనే అందుకున్నాను. ట్యాంకు ఎప్పుడు తయారైందో, రచయిత ఎంత గాడిదో, అచ్చేసినవాళ్లు ఏ గడ్డి తిన్నారో, అచ్చం ఆయనలాగే గొంతు పెంచి అరిచాను. ఒక్క మాటకైనా ఎదురు చెబుతారని చూశాను. అరుస్తూనే ఏడ్చేశాను.

ఆయన మర్యాదగా అంతా విన్నారు.

"పోన్లే, రిటర్న్ చేసెయ్," అన్నారు.