ఖాళీకి ఖాళీ సమానం

చెడిపోయిన మిరపకాయ ఘాటు ముక్కుకి కాదు, ముందు గొంతుకి తగులుతుంది. ఆ రోజు సత్తెనపల్లి దగ్గర ఏసీలో మా గది తలుపు తీయగానే దగ్గు ఆగలేదు నాకు. ఏసీ అంటే కోల్డ్ స్టోరేజీ. మేం రైతులం అలాగే అంటాం. ఎర్రగా దాచిన కాయంతా తెల్లబడి, బూజు పట్టింది. కౌలు చేలో ఆ ఏడు పండిందంతా అదే. ఆ కాయ పోతే కౌలు కట్టలేం, చేను మళ్ళీ మా చేతికి రాదు.

గోడ మీద కంప్యూటర్ తెర మాత్రం గది చల్లగా ఉందనే చూపిస్తోంది.

"మీ అమ్మాయి కంపెనీ ప్రోగ్రామేగా పిన్నీ. బానే చల్లబరిచింది!" అన్నాడు బస్తాలు మోసే ముఠా మేస్త్రి.

"నోరు ముయ్యరా! పోయింది నీ కాయా?" అన్నాను.

నాతో వచ్చిన నా కూతురు అప్పటికే మెట్ల మీద కూర్చుని లాప్‌టాప్ తెరిచింది. నాకు తెలుగు అక్షరాలే నలభై దాటాక పాస్టరమ్మ గారు నేర్పారు. ఆ తెర మీది ఇంగ్లీషు నాకు చీమల బారే.

"ప్రోగ్రాము రెండు రకాలుగా తయారవుద్దమ్మా. ఒకటి నిజంగా చల్లగాలి వదిలేది. ఇంకోటి మేం పరీక్ష చేసుకునేది, అది ఉత్త అంకెలు చూపిస్తది. ఏది పంపాలో తేల్చే స్క్రిప్టు నాదే. పంపే చోటి పేరూ, పరీక్ష చోటి పేరూ పోల్చి, రెండూ ఒకటైతే పరీక్షదే పంపమన్నా. ఇక్కడికి పంపిన రోజు రెండిట్లోనూ పేరు పడలా. ఖాళీకి ఖాళీ సమానమే అనుకుని పరీక్షదే ఇక్కడికి పంపింది."

నాకు అర్థమైంది. కాకపోయుంటే బాగుండేది. మా దగ్గర ప్రతి రైతూ బస్తా మీద రంగుతో తన గుర్తు వేసుకుంటాడు. చదువు రాని రోజుల నుంచీ నాది పచ్చ సిలువ. లారీ దింపేటప్పుడు గుర్తు లేని బస్తాలు రెండు కనబడితే, రెండూ ఒకే రైతువని ముఠావాళ్ళు ఒకే వరసలో పడేస్తారు. ఎవరివని అడగరు. ఆ వరసల దగ్గర ఏటా కొట్లాటే. నా కూతురు అవి చూస్తూనే పెరిగింది.

"అసలు పేరుందా లేదా అని ముందు చూడమనాలి కదే?"

"అనాలమ్మా. ఖాళీ అయితే అక్కడే ఆగిపొమ్మనాలి."

"అనలేదూ?"

"లేదు."

అక్కడే కూర్చుని రెండు లైన్లు కొట్టింది. అంతే పని. "ఇంకెప్పుడూ ఇలా జరగదమ్మా" అంది, తల ఎత్తకుండా.

ముఠావాళ్ళు బస్తాలు బయటికి మోసి పారబోస్తున్నారు. పచ్చ సిలువ ఒక్కదాని మీదా చెరగలేదు. ఎవరివని అడిగే పనే లేదు. అన్నీ నావే.