సముద్రం మీద లేవని టెంకాయ

ఓడ ప్రయాణం ఎలా ఉంటుందని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. మా మదనపల్లె నుంచి కూడా జనం సింగపూరు వెళ్లి, అక్కడ ఓడెక్కి, మూడు రాత్రులు సముద్రం మీద తిరిగి వస్తున్నారు. వాళ్లకు పనికొచ్చే సంగతులన్నీ ఒకచోట రాసి పెడదామని కూర్చున్నాను. కానీ ఆ ప్రయాణం తలచుకుంటే గదులూ భోజనాలూ కాదు, గంగులప్పన్న అరచేయే ముందు కళ్లకు కడుతుంది. అందుకని రెండూ కలిపే రాస్తున్నాను. మీకు కావలసినవి ఏరుకోండి.

నాకు మదనపల్లెలో బోరు మోటార్ల కొట్టు ఉంది. వానలు వరసగా ఎగ్గొట్టిన సంవత్సరాలవి, రెండు వేల మూడో నాలుగో. ఊరికి కరువొస్తే నా కొట్టుకు పండగ. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. నీళ్లు కిందికి పోయేకొద్దీ రైతులు ఇంకా లోతుకు బోర్లు వేశారు, నేను ఇంకా పెద్ద మోటార్లు అమ్మాను. ఆ ఏడు ఎక్కువ అమ్మినవాళ్లకు మోటార్ల కంపెనీ ఓడ టిక్కెట్లిచ్చింది, ఒక్కొక్కరికి రెండు. మా ఆవిడ సరళ "నాకు నీళ్లంటే భయం, కొట్టు నేను సూసుకుంటా, మీరు పోయి రండి" అంది. రెండో టిక్కెట్టు గంగులప్పన్నకు ఇచ్చాను.

గంగులప్పన్నది పెద్దపంజాణి పక్క పల్లె. టెంకాయతో నీళ్లు చూస్తాడు. పిలక ఉన్న టెంకాయను అరచేతిలో అడ్డంగా పడుకోబెట్టుకుని, చెప్పులు విడిచి చేనంతా నడుస్తాడు. కింద నీళ్లున్న చోట కాయ దానంతట అదే లేచి నిలబడుతుంది. అక్కడ రాయి పెడితే అదే పాయింటు, బోరుబండి అక్కడే దిగాలి. బోరు పడిన రైతు మోటారు కోసం నేరుగా నా కొట్టుకే వచ్చేవాడు. అయితే ఆ ఏడు ఆయన పెట్టిన ఆరు పాయింట్లూ మోసం చేశాయి. ఆరింటిలోనూ నీళ్లు ఎగజిమ్మాయి, పది పదిహేను రోజులకు ఆరూ ఎండిపోయాయి. గంగులప్ప చేయి చచ్చిపోయిందని పుంగనూరు సంతలో ఆయన మొహం మీదే అన్నారు.

ఏడో పాయింటు రత్నమ్మది. మొగుడు పోయాక ఎకరన్నర మల్బరీ తోట పెట్టుకుని, పట్టుపురుగులు మేపి బతుకుతున్న మనిషి. ఇంకొక్క బోరు వేయించే శక్తి మాత్రమే ఆమెకు మిగిలింది. ఆమె చేనులో కాయ మేకు దిగేసినట్టు నిలబడింది, రాయీ పెట్టారు. అయినా గంగులప్పన్నకు ధైర్యం చాలలేదు. "నేనొచ్చేదాకా బండి దించొద్దమ్మా" అని ఆమెకు చెప్పి నా వెంట బయల్దేరాడు.

"నీళ్ల మీదే నిలబడి సూస్తానప్పా" అన్నాడు నాతో. "ఆడ కూడా కాయ లేవలేదంటే నా చేయి సచ్చినట్టే. రత్నమ్మ చేనులో పెట్టిన రాయి తీసి పారేస్తా."

మా వైపు నుంచి మద్రాసు వెళ్లేవాళ్లు చిత్తూరు బస్సే ఎక్కుతారు. గంగులప్పన్నకు ఘాటు రోడ్డంటే కడుపులో తిప్పుతుంది కనుక మేం కుప్పం మీదుగా వెళ్లాం. పొద్దున ఆరింటికి మదనపల్లెలో బస్సెక్కితే పుంగనూరు, పెద్దపంజాణి దాటి పలమనేరు, అక్కడ బస్సు మారితే కుప్పం. మనిషికి యాభై రూపాయలు కాలేదు. అక్కడి నుంచి రైల్లో నాలుగైదు గంటల్లో మద్రాసు, ఆ రాత్రికే విమానం. కుప్పం స్టేషను బయట కొళాయి ముందు బిందెలు బారుగా పెట్టి ఉన్నాయి, వాటి దగ్గర మనుషులు లేరు. టీ పోస్తున్నాయన "యాడికి పోతాండారు?" అని అడిగాడు. సముద్రం మీదికి అన్నాను. ఆయన నవ్వలేదు. "యాల, నీళ్లు సూసేదానికా?" అన్నాడు. గంగులప్పన్న టీ సగంలోనే కింద పెట్టేశాడు.

సింగపూరులో తమిళవాళ్ల అంగళ్ల వీధిలో పిలక ఉన్న టెంకాయ దొరికింది. రేవులో తనిఖీ చేసే ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, పూజకని చెబితే వదిలేశాడు. ఇక్కడ కొన్ని సంగతులు గుర్తుంచుకోండి. పెట్టెలు గదికి చేరేసరికి సాయంత్రం అవుతుంది కాబట్టి మందులూ ఒక జత బట్టలూ చేతిసంచిలో పెట్టుకోండి. పాస్‌పోర్టులు వాళ్లే తీసుకుని ఒక కార్డు ఇస్తారు, గది తాళమూ అదే, ఖర్చు రాసేదీ అదే. భోజనం టిక్కెట్టులోనే ఉంటుంది గానీ కూల్‌డ్రింకు అడిగితే కార్డు మీద పడుతుంది. కిటికీ గది కావాలని పట్టుబట్టకండి. కింది అంతస్తులో, ఓడ నడిమి భాగంలో గది తీసుకుంటే కుదుపు తక్కువ, ధరా తక్కువే. మాకు దొరికింది అలాంటిదే.

ఓడ కదిలాక గంగులప్పన్న పైఅంతస్తుకు వెళ్లి చెప్పులు విడిచాడు. పొద్దు గుంకుతోంది. గాలి లేదు, అల లేదు. కంటికి ఆనినంత దూరం నీళ్లే. ఆయన కళ్లు మూసుకుని టెంకాయను అరచేతిలో పడుకోబెట్టాడు. కాయ కదలలేదు. ఓడ ముందు కొసన ఈ పక్క నుంచి ఆ పక్కకు నడిచాడు. చుట్టూ పాటలూ గంతులూ, ఫొటోలు తీసుకునేవాళ్లూ. ఆయన చేతిలో మాత్రం కాయ అలాగే పడుకుని ఉంది. ఇంత నీళ్ల మీద అది అలా పడి ఉండటం చూస్తే నాకు వెన్నులో చలి పుట్టింది.

"ఉప్పునీళ్లు కదన్నా, అందుకే లేవలేదేమో" అన్నాను, ఏదో ఒకటి అనాలని.

"నీళ్లు నీళ్లే కదప్పా" అన్నాడు. రాత్రి భోజనం ముట్టలేదు. నూరు రకాలు పెట్టి ఉన్న బల్లల ముందు, కుడిచేతిని ఒళ్లో దాచుకుని కూర్చున్నాడు.

మర్నాడు పొద్దంతా సముద్రం మీదే. అలాంటి రోజున పదకొండింటికే భోజనానికి వెళ్తే వరసలో నిలబడే పని ఉండదు. నేను తిని వచ్చి కాసేపు పడుకుని లేచేసరికి మూడైంది. పక్క మంచం ఖాళీ. పై అంతస్తులన్నీ వెతికాను. చివరికి మా అంతస్తులోనే, మా గదికి చాలా దూరంగా, ఓడ వెనకవైపు, వరండా ఆ కొసన కనబడ్డాడు.

ఆ వరండాకు కిటికీలు లేవు. రెండు పక్కలా ఒకే రంగు తలుపులు, పగలో రాత్రో తెలియని దీపాలు, కాళ్ల కింద సన్నటి హోరు. జనమంతా పడుకునే వేళ కనుక నరమానవుడు లేడు. పిలిచాను, పలకలేదు. దగ్గరికెళ్లి చూస్తే కళ్లు మూసుకుని ఉన్నాడు. అరచేతిలో టెంకాయ నిటారుగా నిలబడి ఉంది. అంతలో ఓడ కొంచెం ఒరిగింది. నేను గోడ పట్టుకున్నాను, ఆయన తూలాడు, కాయ మాత్రం ఊగలేదు.

"నీ చేయి పట్టు" అన్నాడు కళ్లు తెరవకుండానే, కాయను నా అరచేతిలో పడుకోబెట్టి. ఇరవై ఏళ్లుగా ఈ టెంకాయ విద్యను చూసి లోలోపల నవ్వుకున్నవాణ్ణి నేను. చల్లగా ఏదో మోచేతి దాకా పాకింది. కాయ తల ఎత్తింది. భయపడి చేయి లాగేసుకున్నాను. అది కిందపడి దొర్లుకుంటూ పోయి, వరండా మధ్యలో పిలక పైకి పెట్టుకుని ఆగింది.

అప్పుడే ఒక గది శుభ్రం చేసి బయటికొచ్చిన పనివాడు ఆ కాయను చూసి నిలబడిపోయాడు. అతని పేరు సెల్వం, ఊరు నాగపట్నం. గంగులప్పన్న తమిళంలో అడిగాడు, ఈ గచ్చు కింద ఏముందని. "మంచినీళ్ల ట్యాంకు" అన్నాడు సెల్వం. వంటకూ స్నానాలకూ వాడే నీళ్లన్నీ అందులోనే ఉంటాయట. సింగపూరులో నింపారట, మళ్లీ పెనాంగులో నింపుతారట.

గంగులప్పన్న మొహం విప్పారింది. "సూసినావా అప్పా! నా చేయి సావలేదు!" అని చిన్నపిల్లాడిలా నా భుజం కుదిపాడు. నాకూ ప్రాణం లేచి వచ్చింది. కాయ తీసుకుని మళ్లీ అదే చోట నిలబడ్డాడు. అది మళ్లీ లేచింది. ఈసారి ఆయన దాన్ని చాలాసేపు చూశాడు. మొహంలో నవ్వు కొంచెం కొంచెంగా పోయింది.

"ఊట నీళ్లకు కాయ వణుకుతా లేస్తాదప్పా, లేచినంక కూడా వణుకుతానే ఉంటాది. మా నాయన సూపించినాడు. ఇది సూడు, మేకు కొట్టినట్టు నిలబడుకొని ఉండాది."

"అయితే ఏమన్నా?"

"రత్నమ్మ చేనులోనూ ఇట్లే నిలబడింది. ఆ ఆరు చోట్లా ఇట్లే. నీళ్లు గట్టిగా ఉండాయి, అందుకే కాయ గట్టిగా నిలబడిందనుకుంటి. కాదప్పా. ఇవి తొట్టి నీళ్లు. మన నేల కింద ఊట అయిపోయింది. ఆడొక తొట్టి ఈడొక తొట్టి మిగిలుండాది, అంతే." నా చొక్కా పట్టుకున్నాడు. "రత్నమ్మకు ఫోన్ చెయ్యి. ఆ బోరు వేయొద్దని చెప్పు. ఇప్పుడే చెయ్యి."

గదిలో ఫోను ఉంది. దాని పక్కన ధర రాసిన కాగితమూ ఉంది, నిమిషానికి ఎనిమిది డాలర్లు. లెక్క వేసుకున్నాను. "నువ్వొచ్చేదాకా బండి దించదు కదన్నా. రేపు పెనాంగులో దిగుతాం. అక్కడ కార్డు కొంటే చవకలో మాట్లాడొచ్చు" అన్నాను. ఆయన నా చొక్కా వదిలేశాడు. తనకు తెలియని చోట, తనది కాని టిక్కెట్టు మీద వచ్చిన మనిషి గట్టిగా అడగలేకపోయాడని ఇప్పుడు అర్థమవుతుంది. ఆ రాత్రి మంచం మీద పడుకుంటే కింద నీళ్లు ట్యాంకులో అటూ ఇటూ కదులుతున్న చప్పుడు వినబడినట్టే ఉంది. నిజమో నా భ్రమో చెప్పలేను.

మూడో రోజు పదకొండింటికి ఓడ పెనాంగు చేరింది. దిగేవాళ్లు తిరిగి ఎక్కాల్సిన సమయానికి గంట ముందే వచ్చేయాలి, ఆలస్యమైతే ఓడ ఆగదు. రేవు గేటు దాటగానే ఫోన్ కార్డులు అమ్ముతారు. ఒకటి కొని మా కొట్టుకే చేశాను, సరళ ద్వారా రత్నమ్మకు కబురు పంపుదామని. మేం దిగేసరికి అక్కడ పన్నెండైంది, మన ఊళ్లో తొమ్మిదిన్నర. సరళ గొంతు సంతోషంగా ఉంది.

"రత్నమ్మ ఈడే ఉండాది. మోటారు కోసరం వచ్చింది. నిన్న సాయంత్రం బోరు పడింది, రెండున్నర ఇంచీల నీళ్లంట!"

ఫోను గంగులప్పన్నకు ఇచ్చేశాను. అవతలి నుంచి రత్నమ్మ కేక నాకూ వినబడింది. "అన్నా, నీ చేయి బతికిందన్నా! పక్క ఊర్లో పని అయిపోయిందని బండోళ్లు వాళ్లంతట వాళ్లే వచ్చేసినారు. నువ్వు పెట్టిన రాయి మీదనే దించినారు. నీళ్లు నా నెత్తిమీద పడినాయన్నా!"

"అమ్మా, ఆ నీళ్లు నిలబడవు. మోటారు కొనొద్దు. కొత్తగా పట్టుపురుగు పెట్టొద్దు."

"సముద్రం గాలికి నీకు తలకాయి తిరిగినట్టుండాదన్నా. నా కండ్లతో సూసినా నేను" అంది.

ఫోను మళ్లీ సరళ తీసుకుంది. "ఇచ్చి పంపేదా మోటారు?" అని అడిగింది. నేను వద్దంటే ఇంకో కొట్లో కొంటుందని నాకు నేనే చెప్పుకుని, ఇయ్యి అన్నాను.

ఓడ పక్కనే తొడంత లావు గొట్టం పెట్టి రేవు నుంచి మంచినీళ్లు నింపుతున్నారు. గంగులప్పన్న దాని ముందు ఎండలో నిలబడిపోయాడు. గొట్టం వైపు చేయి చూపించి అన్నాడు: "ఓడకు రేవుండాది కదప్పా. మన పెద్దపంజాణికి యాడుండాది?"

ఆ మోటారు పదమూడు రోజులు ఆడింది. పట్టుపురుగులు ఆకు తింటుంటే ఇంట్లో సన్నవాన పడుతున్నట్టే చప్పుడు వస్తుంది. నేను వెళ్లిన రోజు రత్నమ్మ ఇంట్లో ఆ చప్పుడు లేదు. తట్టల నిండా పురుగులు ఆకు లేక తలలెత్తి కదలకుండా ఉన్నాయి. ఆమె నన్ను తిట్టలేదు. "ఒక్క పూట ముందు చెప్పింటే బండిని ఎనక్కి పంపేసుందును కదన్నా" అంది. గంగులప్పన్న ఇప్పటికీ ఎవరైనా పిలిస్తే వెళ్తాడు. కాయ వణక్కుండా నిలబడితే వద్దంటాడు. వద్దనేవాణ్ణి పిలిచేవాళ్లు తగ్గిపోయారు. నేనూ ఒక రోజు ఎవరూ లేనప్పుడు మా కొట్టు గోడౌనులో కాయ పట్టుకుని నిలబడ్డాను. అది లేచింది. వణకలేదు. గచ్చు పైన అమ్మాల్సిన మోటార్లున్నాయి, కింద ఎన్ని నీళ్లు మిగిలాయో తలచుకుంటే నాకు నిజంగానే భయం వేస్తుంది.

ఓడ ఎక్కబోయేవాళ్లకు నేను చెప్పగలిగిన ముఖ్యమైన సూచన ఒక్కటే. గదిలో ఫోను పక్కన ధర రాసి ఉంటుంది, అది చూసి రేవు దాకా ఆగకండి. ఇంటికి చెప్పాల్సిన మాట ఉంటే అప్పుడే చెప్పండి. నిమిషానికి ఎనిమిది డాలర్లు. నాకు రెండు నిమిషాలు చాలి ఉండేవి.