ఎర్రచుక్క ఉన్న రాయి

రాళ్ల గురించి నాకు బాగానే తెలుసనుకునేదాన్ని. హైదరాబాద్‌లో జియాలజీ ఎమ్మెస్సీ చేశాను. పెళ్లయి సిడ్నీ వచ్చాక ఆ చదువు ఎవరికీ పనికి రాలేదు. పదేళ్లు ఏవేవో ఉద్యోగాలు చేశాక ఒక చిన్న ఆర్కైవ్‌లో ఆరు నెలల కాంట్రాక్టు దొరికింది. ఎప్పుడో స్కాట్లాండ్ నుంచి వలస వచ్చిన ఒక జియాలజిస్టు నోటుపుస్తకాలనూ రాళ్లనూ ఆయన కూతురు పెట్టెలకొద్దీ తెచ్చి ఇచ్చింది. వాటిని చూసి, ఒక్కోదానికి నాలుగు వాక్యాల వివరం రాసి, కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. అదీ నా పని.

తేలికే అనుకున్నాను, నా మొహం. ఆ పెద్దమనిషి ఒకే పేజీలో, ఒకే సిరాతో, రాతి పొర ఎంత మందమో, ఎటు వాలిందో రాస్తాడు. దాని కిందే, ఈ రాయి ఏడాదికోసారి లేచి వాగుకు వెళ్లి నీళ్లు తాగి వస్తుందని స్కాట్లాండ్ పల్లెల్లో చెబుతారని రాస్తాడు. తాను నమ్మాడో లేదో మాత్రం చెప్పడు. ఇంకో బండను ఒక రాక్షసి తన కొంగులోంచి జారవిడిచిందట. ఆ బండనే మంచుయుగంలో కదిలే మంచు మోసుకొచ్చిందని పక్కన బాణం గుర్తు వేశాడు. తమాషా ఏమిటంటే రాక్షసి నడిచొచ్చిన దిక్కూ మంచు కదిలిన దిక్కూ ఒకటే. నా ఫారంలో రెండు గళ్లున్నాయి, శాస్త్రం, జానపదం. ఒక్కదానికే టిక్కు పెట్టాలి. నాకు పిచ్చెక్కినట్టయ్యేది.

మా ఆయన ఐటీ మనిషి. క్వేకర్స్ హిల్‌లో మా వంటింట్లో టీ తాగుతూ తీర్పు చెప్పేశాడు. "గింత దానికి కన్ఫ్యూజ్ ఎందుకే? కొలతలన్నీ ఒక కాలమ్, స్టోరీలన్నీ ఒక కాలమ్. కాపీ, పేస్ట్. అయిపాయె."

"నువ్వు ఊకో. నీకు కాలమ్స్ తప్ప ఏం తెల్సు," అన్నాను. అతనన్నది తప్పని చెప్పడానికి నా దగ్గర మాత్రం ఏముంది, అందుకే ఇంకా ఒళ్లు మండింది.

నాలుగో పెట్టె అడుగున, పాత ఫ్లానెల్ గుడ్డలో చుట్టి, కొబ్బరికాయంత నల్లరాయి ఒకటి కనిపించింది. ఒక మూల విరిగింది. చీటీ లేదు. పైన బొటనవేలంత ఎర్రచుక్క, దాని చుట్టూ పసుపుపచ్చటి మరక. నేను కుర్చీలో కూర్చునే చెప్పులు విడిచేశాను.

మాది సూర్యాపేట వైపు పల్లె. ఊరి నడుమ బొడ్రాయి ఉంటుంది, ఊరికి బొడ్డన్నమాట. దాని పండగ చేసినప్పుడు పెళ్లిచేసి పంపిన ఆడపిల్లలందరినీ పిలిపిస్తారు. బొడ్రాయి పూజ ముగిసేదాకా ఊళ్లోకి ఎవరూ రాకూడదు, ఊళ్లోంచి ఎవరూ పోకూడదు. మా అత్తమ్మల వెనకాల నిలబడి నేనూ ఆ రాయికి పసుపు రాసి బొట్టు పెట్టినదాన్నే. అలాంటిదానికి రాయిమీద పసుపూ ఎరుపూ కనిపిస్తే ఒకరు చెప్పాలా? జానపదం గడిలో టిక్కు పెట్టి, "జనం పూజించిన రాయి. రంగులు పూసిన ఆనవాళ్లున్నాయి" అని రాసేశాను. స్కాట్లాండ్‌లో పసుపు ఎవరు పూస్తారన్న ఆలోచన నా ఎమ్మెస్సీ బుర్రకు తట్టనేలేదు.

మేం రాసిన వివరాలను ఇచ్చినవాళ్లకు పంపి చూపించడం మా ఆఫీసు పద్ధతి. వారం తిరక్కుండా ఆ కూతురే వచ్చింది. ఎనభై దాటిన మనిషి, చేతికర్ర పట్టుకుని స్టేషన్ నుంచి నడిచే వచ్చింది. నేను రాసిన కాగితం బల్లమీద పెట్టి, "ఆ రాయి ఇదేనా?" అని అడిగింది.

ఏ రాయని అడిగాను. కూర్చుని చెప్పింది. స్కాట్లాండ్‌లో వాళ్ల ఊరి దగ్గర ఒక కొండ ఉందట. అక్కణ్ణుంచి రాయి తీసుకెళ్తే ఆ ఇంట్లో ఒక ప్రాణం పోతుందని అంటారట. ఈ దేశానికి బయలుదేరే ముందు వాళ్ల నాన్న నవ్వుతూ అక్కడి రాయి ఒకటి సంచిలో వేసుకున్నాడు. వచ్చిన రెండో ఏడు ఇంటి వెనకున్న ఏట్లో ఆమె తమ్ముడు మునిగి చనిపోయాడు. వాడికి ఐదేళ్లు, ఈమెకు తొమ్మిది. ఆ రాయే చేసిందని తల్లి బతికినంత కాలం అంటూనే ఉంది.

"ఇంటినిండా రాళ్లే. ఏది అదో నాకెప్పుడూ తెలియలేదు. జనం పూజించిన రాయని మీరు రాసింది చదివాక తెలిసింది," అంది. "దాన్ని తీసుకెళ్లి ఆ కొండమీద పెట్టేస్తాను. టికెట్ కొనేశాను. గుండె బాగాలేదు, అంత దూరం విమానం వద్దని వెస్ట్‌మీడ్ ఆసుపత్రిలో డాక్టరు అంటున్నాడు. ఆయనకేం తెలుసు? అది పెట్టేసి వస్తే నా మనసు కుదుటపడుతుంది."

నిజం చెప్పాలంటే ముందు నాకు గర్వమే కలిగింది. ఆమె గడప దాటాక, నేను రాసింది నిజమేనా అన్న భయం మొదలైంది. రాయి వెనక్కి ఇవ్వాలంటే ఎక్కడిదో కాగితంమీద రుజువు చూపించాలి. మిగిలిన నోటుపుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాను. మూడోరోజు దొరికింది. విరిగిన మూలతో సహా ఆ రాయి బొమ్మ గీశాడు. సేకరించిన ప్రతి రాయికీ ఎర్రరంగు చుక్క పెట్టి, దానిమీద తెల్లగా నంబరు వేసి, చెరిగిపోకుండా వార్నిష్ పూసేవాడట. నంబరు అరిగిపోయింది, వార్నిష్ పచ్చబడింది. ఇక ఆ రాయి మా ఇంటికి అరగంట దూరంలో ఉన్న క్వారీదని బొమ్మ కిందే రాశాడు. అలాంటి నల్లరాయి స్కాట్లాండ్‌లోనూ ఉంది, ఇక్కడా ఉంది, చూసి చెప్పలేం.

కొండ రాయి సంగతి మొట్టమొదటి పుస్తకంలో, ఓడ ఎక్కడానికి ముందురోజు పేజీలో ఉంది. మళ్లీ కొండెక్కి దాన్ని ఉన్నచోటే పెట్టి వచ్చానని ఒక్క వాక్యం రాశాడు. ఎందుకో రాయలేదు. నమ్మాడా, ఊరికే పెట్టాడా? దీనికి ఏ గడిలో టిక్కు పెట్టను?

మా ఆయనకు చెప్పాను. "చెప్పకు. రాయి ఇచ్చెయ్. ముసలామె మంచిగ పోయి పెట్టొస్తది, నీదేం పోయింది," అన్నాడు.

"నడుమల ఆమెకేమన్నయితే? మన క్వారీ రాయి పట్టుకొని పోతది ఆమె, గంత దూరం. నేను రాసిన తప్పుకు."

చెబితే ఆమె ఆశ పోతుంది, చెప్పకపోతే ప్రాణంమీదికి రావచ్చు. రెండు రోజులు ఇంట్లో అందరిమీదా అరిచాను. చివరికి ఫోన్ చేసి రమ్మన్నాను.

రెండు నోటుపుస్తకాలూ తెరిచి ఆమె ముందు పెట్టాను. తప్పు నాదేనని, మా ఊళ్లో రాళ్లకు బొట్టు పెడతాం కాబట్టి అలా అనుకున్నానని, క్షమించమని చెప్పాను. ఊరట కలుగుతుందేమోనని, "మీ నాన్న ఆ రాయిని తేనేలేదు. మీ ఇంట్లో అది ఏనాడూ లేదు," అని కూడా అన్నాను. అది మంచివార్త అనుకున్నాను.

తండ్రి రాసిన ఆ ఒక్క వాక్యాన్ని ఆమె వేలు పెట్టి చదివింది. మళ్లీ చదివింది.

"రాయి మాతో రాలేదని నాన్నకు తెలుసన్నమాట," అంది. "అమ్మ అన్నిసార్లు రాయి, రాయి అని ఏడుస్తుంటే, కాదని ఒక్కసారి కూడా అనలేదు. నేనక్కడే ఉండేదాన్ని."

మంచినీళ్లు తెస్తానని లేచాను. ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఆ రోజు వాణ్ణి చూసుకోమని అమ్మ నాకే అప్పజెప్పి వెళ్లింది."