చిలకమ్మ నలభై రోజుల సందేహం

చిలకమ్మది గంగవరం. జాలరి కుటుంబం. భర్త తాతబాబు తెచ్చిన చేపల్ని పొద్దున్నే గంపకెత్తి, ఉక్కునగరం సెక్టార్లలో ఇంటింటికీ తిరిగి అమ్ముతుంది. తాతబాబు ఈనాటికీ గంగమ్మకి మొక్కే వేటకెళ్తాడు. చిలకమ్మ మాత్రం ఆదివారం గాజువాకలోని రేకుల చర్చికి వెళ్తుంది. ఇద్దరి మధ్యా ఆ విషయంలో ఎన్నడూ మాటా మాటా రాలేదు.

ఆమె చర్చికి వెళ్ళడం మొదలైంది ఒక జ్వరంతో. చిన్న కూతురు పుట్టిన ఏడాది చిలకమ్మకి టైఫాయిడ్ వచ్చి, పెద్దాసుపత్రి జనరల్ వార్డులో పడి ఉంది. ఒక మధ్యాహ్నం కళ్ళు తెరవలేని మగతలో ఉండగా, కాళ్ళ దగ్గర మంచం కుంగింది. ఎవరో కూర్చుని ఆమె పిక్క మీద చెయ్యి వేశారు. మాట లేదు. ఆ చేతి బరువుకి ఒంట్లో వణుకు నెమ్మదిగా దిగిపోయింది. పక్క మంచం ఆవిడ రోజూ ఏసు ప్రార్థన చేసుకునేది. వచ్చింది ఆయనేనని చిలకమ్మ మనసుకి తోచింది. కోలుకున్నాక ఆయన్ని వెతుక్కుంటూ చర్చికి వచ్చింది. ఆ చెయ్యి మాత్రం మళ్ళీ రాలేదు. పిల్లల పెళ్ళిళ్ళయ్యాయి, జుట్టు నెరిసింది. ప్రార్థనకి కూర్చున్న ప్రతిసారీ కాళ్ళ దగ్గర చోటు వదిలి కూర్చోవడం ఆమెకి అలవాటైపోయింది.

మొన్న ఈస్టరు నాడు పాస్టరు దేవసహాయం గారు, తిరిగి లేచిన ఏసు శిష్యుల ముందు కాల్చిన చేప ముక్క తిన్న సంగతి చదివారు. ఆరాధన అయ్యాక చిలకమ్మ గుమ్మం దగ్గర ఆగింది.

"అయ్యగోరూ, సేప తిన్నాడంటే ఆకలేసినట్టే గదా?"

"వేసే ఉంటుందమ్మా. తాను దయ్యం కాదని చూపించడానికి తిన్నాడు."

"లేచినాక, పైకెల్లే ముందు, నలభై రోజులు ఇక్కడే ఉన్నాడంటారు. ఒకపాలి తోటలో అగుపించాడు, ఒకపాలి గదిలో, ఒకపాలి గట్టు మీద. మరి మిగతా రోజులు ఎక్కడున్నాడు? ఎవరింట తిన్నాడు?"

దేవసహాయం గారు చేతిలో బైబిలు తిరగేశారు. "రాయలేదు చిలకమ్మా. మా గురువుగారు అనేవారు, చూడకుండా నమ్మడం శిష్యులకి అలవాటు కావాలని అలా వస్తూ పోతూ ఉన్నాడని."

"అలవాటైనోళ్ళ దగ్గరికి ఇంకోపాలి రావొచ్చు గదా."

ఆ గొంతులోని బెంగ విని ఆయన బెంచీ చూపించి కూర్చోమన్నారు. "ఎవరి గురించమ్మా అడుగుతున్నావు?"

అప్పుడు వార్డు సంగతి చెప్పింది. అంతకుముందు తాతబాబుకి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆయన విని, ఎమ్మాయు అనే ఊరి దారిన వెళ్ళిన ఇద్దరు శిష్యుల కథ గుర్తుచేశారు. తిరిగి లేచిన ఏసు వాళ్ళతో కలిసి నడిచాడు, వాళ్ళకి తెలియలేదు. ఇంట్లో భోజనానికి కూర్చుని ఆయన రొట్టె విరిచినప్పుడు గుర్తుపట్టారు, వెంటనే ఆయన మాయమయ్యాడు. వాళ్ళు ఇంట్లోనే ఉండిపోకుండా లేచి మిగతావాళ్ళ దగ్గరికి వెళ్ళారు. అక్కడ మళ్ళీ కనిపించాడు.

చిలకమ్మ దాన్ని తన పద్ధతిలో అర్థం చేసుకుంది. "అయితే ఆ ఆసుపత్రికే ఎల్లి సూత్తాను."

అప్పట్నుంచి శనివారాలు గంప ఖాళీ కాగానే స్నానం చేసి, గాజువాకలో బస్సెక్కి, జగదాంబ జంక్షన్లో దిగి ఆసుపత్రికి నడిచేది. వార్డులో తోడు లేనివాళ్ళకి మంచినీళ్ళు అందించేది, సెలైన్ అయిపోతే నర్సుని పిలిచేది. వీలు చూసుకుని మెల్లగా అడిగేది, "నీకాడికి ఎవరైనా వొచ్చి కూకున్నారా?" కొందరు నవ్వేవారు. కొందరు కొడుకు రాలేదని చెప్పి ఏడ్చేవారు.

వన్‌టౌన్ నుంచి వచ్చిన మదీనా బీకి కడుపు ఆపరేషన్ అయింది. ఆమె చెప్పింది, "పోయిన శనివారం మత్తులో ఉన్నాను. ఎవరో కాళ్ళ దగ్గర కూర్చున్నారు. పానం హాయిగా అనిపించి నిద్రపట్టింది."

చిలకమ్మ దగ్గరికి జరిగింది. "ఎవరో సూసినావా?"

"చూశాను. నువ్వే."

నిజమే. ఆ రోజు నడుం లాగేసి ఆ మంచం అంచున కాసేపు కూలబడింది.

బస్సులో తిరిగి వస్తుంటే ఆలోచన తెగలేదు. తన మంచం మీద ఆనాడు కూర్చున్నది కూడా నడుం నొప్పెట్టిన ఏ ఆయానో అయి ఉంటే? ఇన్నేళ్ళ నమ్మకం ఆ ఒక్క చేతి మీదే కదా నిలబడింది.

ఇంటి ముందు వల బాగుచేసుకుంటున్న తాతబాబుతో అంది. అతను దారం పంటితో తెంపి, "అయితే ఏటి? జొరం తగ్గింది గదా," అన్నాడు. ఆ మాటతో ఆమెకి తృప్తి కలగలేదు. మర్నాడు పాస్టరు గారిని అడిగింది.

"ఎవరో ఆడమనిషి అయ్యుండొచ్చు గదా, అయ్యగోరూ."

ఆయన వెంటనే కాదనలేదు. "అయ్యుండొచ్చు," అన్నారు. "భయంగా ఉందా?"

"భయం కాదు. తెలుసుకోవాలనుంది." కొంగు వేలికి చుట్టుకుంటూ ఆలోచించింది. "ఆ ఇద్దరూ కూడా దారెమ్మట పోయే మనిషే అనుకున్నారు గదా, ఊరొచ్చేదాకా?"

"ఔను. దారంతా మాట్లాడుతూనే ఉన్నారు, పోల్చుకోలేదు."

"మరైతే ఆయా అయినంత మాత్రాన ఆయన కాదని సెప్పలేం. ఆయనేనని కూడా సెప్పలేం." అలా అనుకున్నాక ఆమె మొహం తేటపడింది. ఆమె వెళ్ళాక దేవసహాయం గారు బైబిల్లో ఆ ఇద్దరి కథ ఉన్న పేజీ తెరిచి మళ్ళీ మొదటినుంచి చదివారు.

శనివారాలు ఆగలేదు. మదీనా బీని ఇంటికి పంపేశాక, ఆమె కొడుకు ఫారూఖ్ ఫోన్ చేసి, అమ్మ చూడాలంటోందన్నాడు. చిలకమ్మ రెండు వంజరం చేప ముక్కలు కవర్లో పెట్టుకుని వన్‌టౌన్ వెళ్ళింది. కోడలు సబీనా టీ ఇచ్చింది. ఆసుపత్రికి ఎందుకు వస్తున్నావని మదీనా బీ అడిగితే, దాచకుండా అంతా చెప్పింది.

"మాలో ఈసా నబీని, అదే మీ ఏసుని, శిలువ మీద చంపలేదంటారు," అంది మదీనా బీ. "అల్లా పైకి తీసుకున్నాడంటారు. నీ నలభై రోజుల సంగతి మాకు లేదు."

చిలకమ్మ నొచ్చుకోలేదు. వింతగా చూసింది. "అయితే మీకాడా ఆయన ఇప్పుడు అగుపడడన్నమాట."

"కనపడడు. మళ్ళీ వస్తాడంటారు."

"మాకాడా అదే సెప్తారు, బీబమ్మా." చిలకమ్మ టీ గ్లాసు కింద పెట్టి, కాళ్ళు ముడుచుకుని గోడకి ఆనుకుంది. "మీవోళ్ళు ఇంకేటి సెప్తారు? నెమ్మదిగా సెప్పు. ఇంటాను."