అత్త చూపు, రేడియో తీగ

నా చిన్నప్పుడు మా అత్త చూపు తగిలితే తీగలు కాలిపోతాయని మా ఇంట్లో నమ్మారు. నమ్మినవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. నాకు గోరుముద్దలు తినిపించిన మా అవ్వే అందరికన్నా ముందు నమ్మింది. మూఢనమ్మకంతో వచ్చిన చిక్కే అది. అది మనం ప్రేమించే మనుషుల నోటితోనే మాట్లాడుతుంది.

మాది కోట అనే చిన్న టౌను దగ్గర, సముద్రపు గాలి తగిలే పల్లె. కోతల కాలం. మబ్బు కనపడితే చాలు రైతుల గుండెలు జారిపోయే రోజులు. కొత్తగా కొన్న ట్రాక్టరుతో చీకటి పడ్డాక కూడా వడ్లు తోలుకోవాలని మా నాయన ట్రాలీ వెనక రెండు పెద్ద లైట్లు బిగించాడు. బ్యాటరీ నుంచి వాటికి తీగ లాగాలి. అరుగు మీది స్పీకరులో పాటలు వినిపించడానికి రేడియో నుంచి లాగిన సన్న తీగ చుట్ట ఒకటి ఇంట్లో మిగిలి ఉంది. తీగ తీగే కదా అని దాన్నే వాడేశాడు. అవ్వ ఆ తీగ ముక్కకే నిమ్మకాయ, మిరపకాయలు గుచ్చి ట్రాక్టరు ముందు వేలాడదీసింది.

టెంకాయ కొట్టి స్విచ్ వేశారు. అదే క్షణంలో మా అత్త పాలచెంబుతో కొట్టంలో నుంచి ఎదురుగా వచ్చింది. మా నాయనకు అక్క ఆమె. భర్త పోయాక పుట్టింటికి వచ్చి మాతోనే ఉండేది. లైట్లు ఎర్రగా మిణుకుమన్నాయి. తీగ పొగలు కక్కింది. అంతా ఆరిపోయింది. మర్నాడు అదే చుట్టలో నుంచి ఇంకో తీగ కోసి వేశారు. అత్త బావి దగ్గర నిలబడి చూస్తూ ఉంది. మళ్ళీ పొగ!

ఆ సాయంత్రం అవ్వ అత్తను పక్కన కూర్చోబెట్టుకుని, "పంట ఇంటికి చేరిందాకా కావలిలో మీ మరిది ఇంట్లో ఉండి రామ్మా" అంది. మా నాయన తల దించుకున్నాడు. ఆ మరిది ఇంట్లో అత్తకు అందరూ తిన్నాకే అన్నమని, వంటింటి వెనకే పడకని నాకు తెలుసు. ఒకసారి అక్కడికి పంపిస్తే మళ్ళీ ఎవరు పిలుస్తారు? నేను ఆమె కొంగు పట్టుకుని వదల్లేదు.

అత్త ఏడవలేదు. కాలిన తీగను చేతుల్లోకి తీసుకుని ఈ కొస నుంచి ఆ కొస దాకా తడిమి చూసింది. మామ బతికున్నప్పుడు కావలిలో బ్యాటరీలు ఛార్జింగ్ పెట్టే షాపు నడిపేవాడు. పగలంతా షాపులో కూర్చునేది అత్తే. ఆమె కళ్ళలో నాకు అప్పటిదాకా తెలియని వెలుగొకటి కనిపించింది.

"పోతాలేమ్మా. రేపొక్క పూట ఆగు. నా చూపుదే తప్పయితే దాన్నే పరీక్ష చేద్దాం" అంది. ట్రాక్టరు డ్రైవరును పిలిచి, "అన్నా, కోటకు పోయి బ్యాటరీ తీగ తీసుకురా. నా చిటికెన వేలంత లావుండాల" అని చెప్పింది.

మర్నాడు మా వాకిట్లో తిరునాళ్ళంత జనం. ముందు పాత రేడియో తీగే తగిలించమంది అత్త. తాను ఇంట్లోకి పోయి తలుపు మూసుకుంది. అవ్వ మాత్రం ట్రాలీ ముందే నిలబడి కన్నార్పకుండా చూస్తోంది. లోపలి నుంచి అత్త గొంతు వినిపించింది. "మే పాపా, తీగ మీద వేలు ఆనించి చూడు. సుర్రుమంటే వదిలెయ్!" స్విచ్ పడింది. నేను "అబ్బా!" అని ఎగిరి గంతేశాను. పొగ, కాలిన వాసన!

తలుపు తెరుచుకుంది. లావు తీగ బిగించారు. ఈసారి అత్త తెల్లచీర కొంగు బొడ్లో దోపి, సరిగ్గా లైట్లకెదురుగా నిలబడి, "ఇప్పుడెయ్ అన్నా!" అని కేక వేసింది. పగటి వెలుతురులో కూడా కళ్ళు చెదిరేలా వెలిగాయి లైట్లు! ఎంతసేపు చూసినా ఆరలేదు. నేను తీగ పట్టుకున్నాను. చల్లగా ఉంది. "కాలడంలే, కాలడంలే!" అని అరుస్తూ వాకిలంతా పరిగెత్తాను.

అవ్వ అంత తేలిగ్గా ఒప్పుకునే మనిషా? "తీగ లావుగా ఉండాది గదా, నీ చూపు దానికి చాలినట్టు లేదు" అంది.

"సరే అమ్మా. మరి సన్న తీగ కాలినప్పుడు నేను తలుపేసుకుని ఉండా. ఎదురుగా నిలబడి చూసింది నువ్వు గదా! కావలికి నువ్వు పోతావా?"

వాకిలి ఘొల్లుమంది. మా నాయన ఎన్నాళ్ళ తర్వాతో నవ్వాడు. అవ్వ కాసేపు మూతి ముడుచుకుని, ఆఖరికి తానూ నవ్వేసి, "పోయి పొయ్యి రాజెయ్ పో, పెద్ద చెప్పొచ్చినావు" అంది. కావలి మాట మళ్ళీ ఆ ఇంట్లో వినబడలేదు.

తర్వాత అత్త నాకు విడమరచి చెప్పింది. "రేడియో గుక్కెడు కరెంటు తాగుద్ది, ఈ లైట్లు కడవలతో తాగుతాయి. సన్న తీగ అంత మొయ్యలేక కాలిపోయింది. పైగా బ్యాటరీ ముందుండాది, లైట్లు ట్రాలీ కొసకుండాయి. ఎంత లాగుద్దో చూడాల, ఎంత దూరమో చూడాల. ఆ రెండూ తెలిశాకే తీగ కొనాల."

మొన్న మా మనవడు కారుకు అదనపు లైట్లు, పెద్ద హారను తెచ్చుకున్నాడు. బిగించే ముందు ఆ రెండు ప్రశ్నలూ అడిగాను. బ్యాటరీ దగ్గర ఫ్యూజు కూడా పెట్టించాను. ఎవరైనా ఫలానా మనిషి ఎదురొచ్చింది కాబట్టే పని చెడిందని అంటే మాత్రం నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆ మనిషిని లోపల కూర్చోబెట్టి, తలుపు మూసి, ఇంకోసారి స్విచ్ వేసి చూశారా అని అడుగుతాను. అడుగుతున్నప్పుడల్లా నా వేలి కొసకు ఆ లావు తీగ చల్లదనం తగులుతూనే ఉంటుంది.